పెదవులు కలిసే చోట

మా బావకు నత్తి. ఈ మాట మా వీధిలో ఎవరితో అన్నా నవ్వుతారు. "ఆ గొంతుకు నత్తేమిటమ్మా, నీ వేళాకోళం కాకపోతే" అంటారు. వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళకు తెలిసిన మా బావ, హిందీ పెద్ద హీరో సినిమాలన్నిటికీ తెలుగులో గొంతు ఇచ్చిన మనిషి. ఆ హీరో తెర మీద ప్రేమించినా, తన్నినా, ఏడ్చినా, చచ్చినా మనకు వినిపించింది మా బావే. హీరో ముఖం ఇంటింటికీ తెలుసు. మా బావ ముఖం పాలవాడికీ నాకూ మా అక్కకూ తెలుసు. చివరికి మా అక్కకు కూడా తెలియకుండా పోయింది. నేను చెప్పబోయేది ఆ సంగతే.

ముందు నా గురించి ఒక ముక్క. నేను బట్టలు కుడతాను. అక్కా బావల ఇంట్లో ముందుగది నా దుకాణం, దాని పక్క గది నా పడక. మా ఆయన సంగతి అడక్కండి, అదో పెద్ద భారతం. నోట్లో గుండుసూదులు లేనంతసేపూ నేను వాగుతూనే ఉంటానని అక్క ఫిర్యాదు. ఎదుటి మనిషి మాట కోసం తడుముకుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాటేదో నేనే అందించి పని కానిస్తాను. అక్క అలా కాదు. ఎంతసేపైనా ఆగుతుంది.

బావ నత్తి అందరి నత్తిలాంటిది కాదు. క దగ్గరా త దగ్గరా ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. ప, బ, మ. ఈ మూడూ పలకాలంటే పెదవులు కలవాలి, కావాలంటే అని చూసుకోండి. ఆయనవి కలిసేవి. కలిశాక విడివడేవి కావు. ముఖం ఎర్రబడేది, మెడ మీద నరం లేచేది, కళ్ళు మాత్రం ఎదుటివాడి వైపు చూస్తూనే ఉండేవి. ఎదుటివాడే చూపు తిప్పుకునేవాడు. బడిలో ఆయనకు బుంగమూతి అని పేరు పెట్టారట. కన్నతల్లిని కూడా 'అ' దగ్గర ఆపేసి చేత్తో పిలిచేవాడట. బెండకాయలంటే ప్రాణం, కానీ కొట్టుకు వెళితే వంకాయలే తెచ్చుకునేవాడు. నోటికి ఏది లొంగితే అదే తిన్నాడు, అదే చదివాడు, ఆ ఉద్యోగమే చూసుకున్నాడు.

ఆ ఉద్యోగం డబ్బింగ్ స్టూడియోలో. రీళ్ళ డబ్బాలు మోయడం, తుడవడం, ఊళ్ళకు పంపించడం. పంపించడానికి పార్సిల్ ఆఫీసుకు రావాలి. అక్కడ కౌంటర్లో మా అక్క కూర్చునేది. మొదటిరోజు బావ డబ్బా కౌంటర్ మీద పెట్టి 'పార్సిల్' అనబోయాడు. పెదవులు కలిశాయి. ఇక అంతే. వెనక వరసలో ఉన్నవాళ్ళు దగ్గారు, సణిగారు. ఒకాయన ముందుకు వంగి, "పార్సిల్ అంటున్నాడమ్మా, రాసెయ్" అన్నాడట. కందకు లేని దురద కత్తిపీటకెందుకు చెప్పండి. మా అక్క కలం కింద పెట్టేసి, "ఆగండి. ఆయన మాట్లాడుతున్నారు" అంది.

తరువాత నేను అడిగాను. "ఒక్క అక్షరం బయటికి రాలేదు కదే, మాట్లాడుతున్నాడని ఎలా అన్నావు?"

"కళ్ళు చూశాను. మాట్లాడుతూనే ఉన్నారు. శబ్దమే రాలేదు," అంది అక్క. ఆ మాట తేలిగ్గా అనేసి బియ్యం కడగడానికి లేచి వెళ్ళింది.

అలా పెళ్ళయింది. అక్క ముద్దుపేరు పిచ్చుక. చిన్నప్పుడు గింజంత తిని ఇల్లంతా తిరిగేదని మా నాన్న పెట్టాడు. ఆ పేరు మొదటి అక్షరమే బావకు కొరకరాని కొయ్య. నోరు తిరిగే పేరేదైనా పెట్టుకోవే అని నేను పోరాను. "ఆయన పిలిచేదాకా ఆగుతాలే" అంది. నిజంగానే ఆగేది. పెరట్లోంచి బావ పిలవబోతున్నాడని గిన్నెల చప్పుడు ఆగిపోవడాన్ని బట్టి నాకు తెలిసేది. చేతిలో పని వదిలేసి వచ్చి, గుమ్మంలో నిలబడి, ఆయన కళ్ళలోకి చూస్తూ ఉండేది. అన్నం మాడినా సరే. ఆ పేరు బయటికి వచ్చాకే "ఊ, ఏంటండీ" అనేది. ఒక్కసారి కూడా మాట అందించలేదు.

ఇప్పుడు హీరో సంగతి. అప్పటికి ఆయన కొత్తవాడు. పల్చటి మనిషి, నవ్వితే ఒక బుగ్గ మీదే సొట్ట. మొదటి సినిమా ఎవరూ చూడలేదు. రెండోది చూశారు. మూడోదాన్ని తెలుగులోకి తెచ్చే పని మా బావ స్టూడియోకు వచ్చింది. డబ్బింగ్‌లో వినేవాళ్ళకు తెలియని తిరకాసు ఒకటుంది. తెర మీద హిందీ మాటకు పెదవులు కలిసిన చోట తెలుగు మాటకు కూడా కలవాలి. అక్కడ ప, బ, మలలో ఏదో ఒకటి పడాలి. పడకపోతే మూతి ఒక దారి, మాట ఒక దారి. అందుకని తెలుగు మాటలు రాసే ఆయన కూర్చునే ముందే ఆ కలిసే చోట్లు ఎవరో ఒకరు చూసిపెట్టాలి. ఆ పని బావకు అప్పగించారు. నోరు విప్పక్కర్లేదు. శబ్దం లేకుండా ఆడుతున్న బొమ్మను చూస్తూ, హీరో పెదవులు కలిసినప్పుడల్లా బల్ల మీద వేలితో కొట్టాలి, అంతే. ఆ పనిలో బావ ఎన్నడూ తప్పలేదు. పుట్టినప్పటి నుంచి ఆయన భయపడింది ఆ చోటుకే కదా, అది వస్తోందంటే దూరం నుంచే పసిగట్టేవాడు.

ఒకరోజు వేలితో కొడుతూ కొడుతూ పెదవులు కూడా ఆడించాడు. హీరో పెదవులు కలిశాయి, ఈయనవీ కలిశాయి. హీరోవి విడివడ్డాయి. ఈయనవీ విడివడ్డాయి. నోట్లోంచి 'ప్రాణం' అనే మాట బయటికి వచ్చి పడింది. లోతైన గొంతు, బావి అడుగు నుంచి పలికినట్టు. సౌండ్ ఇంజనీరు అద్దం వెనక నుంచి లేచి, "ఎవరది?" అని అడిగాడు. గదిలో ఉన్నది బావ ఒక్కడే. బావ కూడా వెనక్కి తిరిగి చూసుకున్నాడట.

ఆ సినిమాకు బావే గొంతు. ఆ తరువాత అన్నిటికీ ఆయనే.

ఇంట్లో ఏం జరిగిందో నేను కళ్ళారా చూశాను. ఆ సాయంత్రం బావ గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచి, "పిచ్చుకా" అన్నాడు. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. చెవుల పండగే అనుకోండి. నేను చప్పట్లు కొట్టాను. మా అక్క మాత్రం ఎవరో వచ్చారనుకుని బావ భుజం మీదుగా వీధిలోకి చూసింది.

కిటుకు బావ నాకు చెప్పాడు. మాట్లాడే ముందు హీరో ముఖాన్ని మనసులో నిలబెట్టుకుంటాడు. ఆ పెదవులు విడివడితే ఈయనవి విడివడతాయి. ఇంట్లో, వీధిలో, కొట్టు దగ్గర, ప్రతి మాటకూ అంతే. ఉప్పు అడగడానికీ హీరో ముఖమే, తలనొప్పిగా ఉందని చెప్పడానికీ హీరో ముఖమే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు కదా, మా వీధికి అది అక్షరాలా జరిగింది. బావ ఒకసారి గంభీరంగా "ఈ పాలలో నీళ్ళు కలిశాయి" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంటికి వచ్చే పాలు మీగడ కట్టాయి. పాలవాడు ఆ గొంతు విని చేతులు కట్టుకుని నిలబడేవాడు. బెండకాయలు రోజూ వండుకున్నాం. నాకు మొహం మొత్తింది.

అక్క మాత్రం ఒకరోజు, "ఇంట్లో ఉన్నప్పుడు మామూలుగా మాట్లాడొచ్చు కదండీ" అంది.

"ఇదే మామూలు" అన్నాడు బావ, ఆ గొంతుతోనే.

అక్క మరో రెండు మూడుసార్లు అడిగి ఊరుకుంది. ఆయన ఎంత బాధపడి ఆ గొంతు తెచ్చుకున్నాడో దానికి తెలుసు. తీసేయమని గట్టిగా అడగడానికి నోరు రాలేదు.

హీరో పెరిగాడు, బావ కూడా ఆయనతో పాటు పెరిగాడు. ప్రేమ కథలు అయ్యాయి. తరువాత కోపం కథలు వచ్చాయి. ఆ రోజుల్లో బావ రోజంతా అరిచి వచ్చి రాత్రి వేడినీళ్ళు తాగేవాడు. హీరో భార్యతో విడిపోయాడని పేపర్లో వచ్చిన వారం మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు, కారణం నాకిప్పటికీ తెలియదు. తరువాత గడ్డుకాలం. వరసగా సినిమాలు పోయాయి. హీరో జుట్టుకు రంగేసుకుని, పొట్ట బిగబట్టుకుని, కూతురి వయసు పిల్లల వెంట చెట్ల చుట్టూ తిరిగాడు. ఆ నవ్వు బావ నవ్వలేక నవ్వేవాడు. "ఆయనకు ఇష్టం లేదు, పెదవులు చూస్తే తెలుస్తుంది" అనేవాడు. ఇంకొన్నాళ్ళకు హీరో రంగు మానేసి, తెల్లగడ్డంతో తండ్రి వేషాలకు వచ్చాడు. అప్పుడు జనం మళ్ళీ నెత్తిన పెట్టుకున్నారు. బిరుదులు, సన్మానాలు, ఒకటేమిటి. బావ ఒక్కడే ఆ మనిషి ముఖాన్ని యవ్వనం నుంచి ముడతల దాకా రోజూ అంత దగ్గరగా చూశాడు. కట్టుకున్న భార్య ముఖాన్ని అంతగా చూశాడా అంటే నేను అబద్ధం చెప్పలేను.

హీరోను బావ కలిసింది ఒక్కసారే. ఏదో సభకు హీరో వచ్చినప్పుడు ఇంజనీరు వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. చుట్టూ మనుషులున్నంతసేపూ హీరో సినిమా గొంతుతోనే పలికాడట. అందరూ బయటికి వెళ్ళాక ఒక్కసారిగా సన్నటి గొంతుతో, కొంచెం ముక్కుతో మాట్లాడాడు. ఇన్నేళ్ళ పనితో బావకు హిందీ బాగానే అర్థమవుతుంది. తెర మీది గొంతు తనది కాదని, మొదటి దర్శకుడు కొట్టి కొట్టి నేర్పించాడని హీరో చెప్పాడు. "నాది అప్పుడప్పుడూ బయటికి తీసి చూసుకుంటాను, బతికుందో లేదో అని. నీదీ చూసుకుంటూ ఉండు," అన్నాడట.

ఈ సంగతి బావ అన్నం తింటూ నవ్వుతూ చెప్పాడు. అక్క నవ్వలేదు. "మరి చూసుకున్నారా?" అని అడిగింది. బావ మజ్జిగ పోసుకున్నాడు.

అక్కకు మరుపు మొదలైంది ఆ తరువాత కొన్నేళ్ళకు. మొదట నా కత్తెర ఫ్రిజ్‌లో దొరికింది. తరువాత అక్క వీధి చివర దారి తప్పి నిలబడింది. డాక్టరు ఇలాంటివి ముందుకే పోతాయి తప్ప వెనక్కి రావని చెప్పాడు. అక్క జ్ఞాపకాలు కొత్తవైపు నుంచి ఊడుతూ వచ్చాయి, కుట్టు ఒక చివర తెగితే దారం లాగినట్టు. నిన్న పోయింది. పోయిన ఏడు పోయింది. ముసలితనం పోయింది. చివరికి పార్సిల్ ఆఫీసు రోజులు మిగిలాయి. పొద్దున్నే లేచి జడ వేసుకుని ఆఫీసుకు టైమైందనేది. సాయంత్రమైతే గుమ్మం దగ్గర కుర్చీ వేసుకునేది.

"మీ బావ ఇంకా రాలేదేంటే?" అని నన్ను అడిగేది.

బావ ఎదురుగానే కూర్చుని ఉండేవాడు. "ఇక్కడే ఉన్నాను పిచ్చుకా" అనేవాడు.

ఆ గొంతు వినగానే అక్క గబుక్కున లేచి జుట్టు సర్దుకునేది. మర్యాదగా, "మీరు కూర్చోండి. టీ పెట్టమంటారా? మా ఆయన వచ్చే వేళయింది," అనేది. ఒకసారైతే చేతులు జోడించింది. "మీరు పెద్దవాళ్ళు, మీకు చెప్పేంతదాన్ని కాదు. ఆయన్ని కాస్త పెందలాడే పంపించండి. మీ దగ్గరే ఉంచేసుకుంటున్నారు," అని వేడుకుంది. నేను మిషను ఆపేశాను.

ఎరువుల సొమ్ము బరువుల చేటు అని మా నాయనమ్మ అనేది. అరువు తెచ్చుకున్న నగ గురించి అనుకునేదాన్ని.

ఇంతలో హీరో పోయాడు. కొంతకాలంగా జబ్బుగా ఉన్నాడని అందరికీ తెలుసు. ఆ రోజు ప్రతి ఇంట్లో టీవీ పెట్టారు. ప్రతి టీవీలో హీరో పాత సినిమాలు, మన భాషలో. బావ మందుల కోసం వీధిలోకి వెళ్ళాడు. ఒక కిటికీలోంచి ఆయన పాతికేళ్ళ గొంతు ప్రేమిస్తున్నానంటోంది. పక్క కిటికీలోంచి నలభై ఏళ్ళ గొంతు నరికేస్తానంటోంది. ఇంకో ఇంట్లో చనిపోతూ ఎవర్నో దీవిస్తోంది. మందుల కొట్టువాడు, "మీకు కూడా సంతాపం చెప్పాలి సార్" అన్నాడట. బావ మందులు మర్చిపోయి తిరిగొచ్చాడు.

అక్క మా టీవీ ముందు కూర్చుని ఉంది. పూలదండల మధ్య హీరో ముఖం చూపిస్తున్నారు. "ఎవరు పోయారే?" అని అడిగింది. చెప్పాను. అప్పుడే లోపలికి వచ్చిన బావ, "అవును, పోయారు" అన్నాడు.

అక్క ఆయన వైపు తిరిగింది. టీవీ వైపు చూసింది. మళ్ళీ ఆయన వైపు చూసింది. నా చెయ్యి పట్టుకుంది.

"పోయినాయన మనింట్లో నిలబడ్డాడేంటే?" అంది, చిన్నగా.

ఆ రోజు నుంచి అక్క భయపడింది. మామూలు భయం కాదు. బావ నోరు తెరిస్తే చాలు, మూలకు వెళ్ళి గోడకు ఆనుకునేది. ఆయన తెచ్చిన అన్నం ముట్టేది కాదు. పడకగది తలుపుకు లోపల నుంచి గడియ పెట్టుకునేది. "ఆయన వస్తే చెప్పు, గడియ తీస్తాను. వేరే ఎవరికీ తీయను," అనేది తలుపు వెనక నుంచి. బావ ఇంట్లో మాట్లాడటం మానేశాడు. ముందుగదిలో నా మిషను పక్కన చాప వేసుకుని పడుకునేవాడు. తన ఇంట్లో తనే దొంగలా చెప్పులు చేత పట్టుకుని తిరిగేవాడు. నాకు గుండె తరుక్కుపోయేది, కోపం కూడా వచ్చేది. ఎవరి మీద అంటే చెప్పలేను.

"నత్తిగా మాట్లాడి చూడు బావా. దానికి గుర్తున్న మనిషి వాడే," అన్నాను ఒకరోజు.

బావ చాప మీద నుంచి లేచాడు. తలుపు దగ్గరకు వెళ్ళి, గొంతు సన్నం చేసుకుని, "ప్... ప్... పిచ్చుకా" అన్నాడు.

నేనే చెబుతున్నాను, అది నత్తి కాదు. సినిమాలో నత్తివాడి వేషం అది. ఎక్కడ ఆగాలో తెలిసి ఆగినట్టు ఉంది. లోపల నుంచి అక్క ఏడుపు గొంతుతో, "చచ్చి కూడా మా ఆయన్ని వెక్కిరిస్తావా? నీకేం పాపం చేశాడయ్యా?" అంది.

బావ వచ్చి చాప మీద కూలబడ్డాడు. "నాకది రావట్లేదు. ఇన్నేళ్ళూ దాన్ని నోట్లోనే గొంతు పిసికాను. ఇప్పుడు రమ్మంటే ఎలా వస్తుంది?" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, అది వినకపోయినా బాగుండేది. "మాట్లాడే ముందు ఆ ముఖం కళ్ళ ముందుకు వస్తుంది కదా. ఇప్పుడది దండలేసిన ముఖం. కళ్ళు మూసుకునే ఉంటాయి. పెదవులు మాత్రం ఆడుతుంటాయి."

హీరో చివరి సినిమా ఒకటి మిగిలి ఉంది. పోయే ముందు పూర్తి చేసినది. దాన్ని మన భాషలోకి తెచ్చే పని మళ్ళీ బావకే వచ్చింది, ఇంకెవరికి వస్తుంది. బావ వెళ్ళనన్నాడు. ఇంజనీరు ఇంటికి వచ్చి బతిమాలాడు. ఇద్దరికీ తలలు పండాయి, ఇద్దరూ పని మానేయాల్సిన వయసే. "ఆయన్ని సాగనంపినట్టు ఉంటుంది హీరో, రా" అన్నాడు. ఆయన మా బావనే హీరో అని పిలుస్తాడు. బావ వెళ్ళాడు.

రోజూ వెళ్ళి వస్తున్నాడు. చివరి రోజు సాయంత్రం పొద్దుగూకకముందే ఇంజనీరు నుంచి నాకు ఫోన్ వచ్చింది.

"మీ బావ ఇంటికి వచ్చాడామ్మా?"

"రాలేదు. ఏమైంది?"

ఇంజనీరు చెప్పింది ఇది. ఆఖరి సీనులో హీరో మంచం మీద ఉంటాడు. ఎదురుగా కూతురు. ఆయన 'మాఫ్ కర్‌నా' అనాలి. 'మా' దగ్గర పెదవులు కలుస్తాయి కాబట్టి మన వాళ్ళు చక్కగా 'మన్నించు తల్లీ' అని రాసుకున్నారు. అయితే ఆ రోజు షూటింగ్‌లో హీరోకు నిజంగానే ఒంట్లో బాగాలేదు. పెదవులు కలిశాయి, విడివడలేదు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు, కళ్ళు మాత్రం ఎదుటి పిల్లను చూస్తున్నాయి. చివరికెప్పుడో మాట వచ్చింది. దర్శకుడికి అదే బాగుందనిపించి ఉంచేశాడు. బావ మైకు ముందు నిలబడి ఆ ముఖాన్ని చూస్తూ పెదవులు కలిపాడు. తెర మీద అవి బిగిశాయి, ఈయనవీ బిగిశాయి. తెర మీద అవి విడివడి మాట చెప్పాయి. ఈయనవి విడివడలేదు.

"మళ్ళీ మళ్ళీ వేశానమ్మా ఆ ముక్కను. ముఖమంతా ఎర్రబడిపోయింది, మెడ మీద నరం లేచింది. నేను భయపడి లైట్లు వేశాను. నీ పాత కిటుకు ఉంది కదా, ఆయన పడుచు ముఖం ఒకసారి తలుచుకో, అదే వస్తుందిలే అన్నాను. తల అడ్డంగా ఊపాడు. నవ్వాడమ్మా. సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. మతి గానీ పోయిందా?"

ఆ ఒక్క మాట తరువాత వేరే ఎవరి చేతో చెప్పించి అతికించారు. ఎవరూ కనిపెట్టలేదు.

నేను ఫోన్ పెట్టేసి వీధిలోకి వచ్చి నిలబడ్డాను. బావ మలుపు తిరిగి వస్తున్నాడు. నిండు గ్లాసు తొణక్కుండా తెస్తున్నవాడిలా నెమ్మదిగా, దవడలు బిగించి, ఎవరి వైపూ చూడకుండా వస్తున్నాడు. ఎదురింటాయన పలకరించాడు. బావ చెయ్యి ఎత్తి ఊరుకున్నాడు. పక్కింటి టీవీలో అప్పటికీ హీరో సినిమాయే, బావ పాత గొంతు వీధిలోకి వినిపిస్తోంది. బావ దాన్ని దాటుకుని వచ్చాడు.

"ఏంటి బావా ఇది? ఇంజనీరు కంగారుపడుతున్నాడు. బాగానే ఉన్నావా? మాట్లాడవేంటి?" అని నేను లంకించుకున్నాను.

బావ పెదవుల మీద వేలు పెట్టాడు. ఆ కళ్ళు చూశాక నాకు అర్థమైంది. తిరిగొచ్చిన ఆ నత్తిని నోట్లో పెట్టుకుని స్టూడియో నుంచి ఇంటిదాకా తెచ్చాడు. ఎవరితో ఒక్క మాట మాట్లాడినా ఆ ముఖం వచ్చి పెదవులు విప్పేస్తుందని, ఇది మళ్ళీ పోతుందని, అదీ ఆయన భయం. బస్సులో టిక్కెట్టు కూడా చేతి సైగతోనే అడిగి ఉంటాడు.

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాడు. నేను వెనకాలే నడిచాను. పడకగది తలుపు గడియ వేసే ఉంది. బావ రెండుసార్లు తట్టాడు.

"ఎవరూ?" అంది అక్క లోపల నుంచి.

బావ పెదవులు కలిశాయి.

లోపల, బయట ఏ చప్పుడూ లేదు. పక్కింటి టీవీ మాత్రం మోగుతోంది. బావ మెడ మీద ఆ నరం లేవడం నేను ఎన్ని ఏళ్ళ తరువాత చూశానో. నుదుటి మీద చెమట పట్టింది. పెదవుల మధ్య నుంచి సన్నగా గాలి చప్పుడు వచ్చి ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది. ఇది వేషం కాదు. చూడలేక నేను చూపు తిప్పుకున్నాను.

లోపల మంచం కిర్రుమంది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి. తరువాత గడియ తీసిన చప్పుడు వినిపించింది.

అక్క తలుపు సగం తెరిచి బావ కళ్ళలోకి చూసింది. ఏమీ అడగలేదు, భయపడలేదు, జుట్టు సర్దుకోలేదు. చేతిలో ఉన్న దువ్వెన పక్కన పెట్టేసి గుమ్మంలో నిలబడింది. బావ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, పెదవులు బిగిసే ఉన్నాయి. నా వల్ల కాలేదు. మాట నా నాలుక చివర ఉంది.

"పిచ్చుకా అంటున్నాడే అక్కా..."

అక్క నా వైపు చూడకుండానే చెయ్యి ఎత్తింది.

"నువ్వాగవే," అంది. "ఆయన మాట్లాడుతున్నారు."